ఆ కవితలు నిజంగా ఆమే రాసిందా? తొలితరం నల్లజాతి అమెరికన్ సాహిత్యంలో రుజువులు, ఊహ, ఒక ప్రొఫెసర్ పని

అమెరికాలో నల్లజాతి చరిత్రను క్లాసులో ఎంతవరకు చెప్పాలన్న గొడవ కొన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. 2021లో ఓక్లహోమా రాష్ట్రం హెచ్‌బీ 1775 అనే చట్టం తెచ్చి, జాతి గురించీ ఆడా మగా తేడాల గురించీ ఏయే భావాలను పాఠంగా చెప్పకూడదో నియమాలు పెట్టింది. 2023 జనవరిలో ఫ్లోరిడా ప్రభుత్వం హైస్కూలు పిల్లల కోసం కాలేజీ స్థాయిలో తయారైన ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సుకు ఒప్పుకోలేదు. 2025 ఏప్రిల్‌లో చరిత్ర, సాహిత్యం లాంటి రంగాల్లో పరిశోధనకు డబ్బిచ్చే నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద హ్యుమానిటీస్ అనే ప్రభుత్వ సంస్థ వెయ్యికి పైగా గ్రాంట్లను ఒక్కసారిగా రద్దు చేసింది.

ఈ వార్తల్లో మనకు కనపడేది రాజకీయమే. వాటి వెనక ఉన్న చదువు ఎలాంటిదో, రెండు వందల యాభై ఏళ్ల కిందటి కవితల్నీ ఆత్మకథల్నీ పట్టుకుని ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్ జీవితమంతా ఏం చేస్తారో పెద్దగా ఎవరూ చెప్పరు. పైగా ఈ రంగంలో కొందరు ప్రొఫెసర్లు ఒకపక్క పరిశోధకులు, ఇంకోపక్క కవులు, నవలాకారులు. చరిత్ర తవ్వేవాళ్లే కథలు అల్లితే ఏది నిజం, ఏది కల్పన అన్న అనుమానం రాక తప్పదు. అది తీసిపారేయాల్సిన అనుమానం కాదు.

ఈ రెండు పనులూ చేస్తున్నవాళ్లలో ఇవాళ బాగా పేరున్న మనిషి హానొరే ఫనాన్ జెఫర్స్. 1967లో పుట్టారు. తండ్రి లాన్స్ జెఫర్స్ కూడా కవే. అలబామా యూనివర్సిటీలో క్రియేటివ్ రైటింగ్‌లో ఎం.ఎఫ్.ఏ. చేసి, ఓక్లహోమా యూనివర్సిటీ ఇంగ్లీషు శాఖలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. 2000లో మొదటి కవితా సంపుటి వచ్చింది. 2020లో ‘ద ఏజ్ ఆఫ్ ఫిల్లిస్’ అనే కవితల పుస్తకం, 2021లో ‘ద లవ్ సాంగ్స్ ఆఫ్ డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్’ అనే దాదాపు ఎనిమిది వందల పేజీల నవల వచ్చాయి. నవలకు నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు దక్కింది. కవితల పుస్తకం ఫిల్లిస్ వీట్లీ అనే పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి గురించి. ఆ పుస్తకం ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే ముందు ఫిల్లిస్ కథ తెలియాలి.

‘తొలితరం’ అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

అమెరికా యూనివర్సిటీల్లో ‘ఎర్లీ ఆఫ్రికన్ అమెరికన్ లిటరేచర్’ అంటే మామూలుగా పద్దెనిమిదో శతాబ్దం మధ్య నుంచి అంతర్యుద్ధం ముగిసిన 1865 దాకా వచ్చిన రచనలు. కొందరు ఈ గీతను ఇంకాస్త ముందుకు జరిపి 1900 దాకా తెస్తారు.

మనకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా పాతది లూసీ టెర్రీ చెప్పిన పాట. మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ దగ్గర 1746లో జరిగిన దాడి గురించి ఆమె కట్టిన పాట అది. నూరేళ్లకు పైగా జనం నోళ్లలోనే బతికి, 1850ల్లో అచ్చయింది. జూపిటర్ హామన్ అనే బానిస రాసిన భక్తి గీతం మీద 1760 డిసెంబరు 25 అన్న తేదీ ఉంది. ఫిల్లిస్ వీట్లీ పుస్తకం 1773లో వచ్చింది. ఆ తర్వాత బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్ల ఆత్మకథలు వందేళ్ల పాటు వరసగా వచ్చాయి. వీటినే ‘స్లేవ్ నెరేటివ్స్’ అంటారు.

ఇంకో మాట ఇక్కడే చెప్పుకోవాలి, ‘ఆర్కైవ్’. పాత ఉత్తరాలు, కోర్టు కాగితాలు, చర్చి రిజిస్టర్లు, పత్రికలు భద్రపరిచే చోటు అని మామూలు అర్థం. ఈ రంగంలో దానికి ఇంకొంచెం బరువుంది. బానిసల గురించి రాసిన కాగితాల్లో ఎక్కువ భాగం యజమానులు రాసినవి. అమ్మకం చీటీలు, ఆస్తి జాబితాలు, పారిపోయినవాళ్ల కోసం పత్రికలో ఇచ్చిన ప్రకటనలు. మనిషి పేరు పశువుల పేర్ల పక్కన, పక్కనే ధర. ఆ మనిషి ఏమనుకుందో చెప్పే కాగితం ఉండదు. ఈ రంగంలో ఇంత తగువు ఎందుకుందో తెలియాలంటే ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

1773 నాటి పుస్తకం, ముందు పేజీలో పద్దెనిమిది సంతకాలు

1761 జులైలో ఒక ఓడ బోస్టన్ రేవుకు వచ్చింది. దాని పేరు ‘ఫిల్లిస్’. అందులో ముందు పళ్లు ఊడిన ఒక పాప ఉంది. పళ్లను బట్టి ఏడెనిమిదేళ్లుంటాయని లెక్కేశారు. జాన్ వీట్లీ అనే వ్యాపారి తన భార్య సుసానా కోసం ఆ పాపను కొన్నాడు. ఓడ పేరే పాపకు పెట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో ఏ కాగితంలోనూ లేదు.

ఆ ఇంట్లో ఆమె ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్చుకుంది. 1767 డిసెంబరులో న్యూపోర్ట్ పత్రికలో ఆమె కవిత అచ్చయింది. అప్పటికి బోస్టన్‌లో అడుగుపెట్టి ఆరున్నరేళ్లు. 1770లో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే మతబోధకుడు చనిపోతే ఆమె రాసిన స్మృతి గీతం అట్లాంటిక్‌కు అటూ ఇటూ పేరు తెచ్చింది. 1772లో పుస్తకం వేయడానికి బోస్టన్‌లో చందాలు అడిగారు, ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. చివరికి 1773 సెప్టెంబరులో ఆర్చిబాల్డ్ బెల్ అనే లండన్ ప్రచురణకర్త దాన్ని అచ్చు వేశాడు.

ఈ పుస్తకం ముందు పేజీల్లో ఒక ధ్రువీకరణ పత్రం ఉంది. కొన్నేళ్ల కిందట ఆఫ్రికా నుంచి తెచ్చిన ఈ నల్ల పిల్లే ఈ కవితలు రాసిందని తాము నమ్ముతున్నట్టు బోస్టన్ పెద్దలు పద్దెనిమిది మంది పేర్లు పెట్టారు. గవర్నర్ థామస్ హచిన్సన్ ఉన్నాడు, లెఫ్టినెంట్ గవర్నర్ ఉన్నాడు, తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద పెద్ద అక్షరాలతో సంతకం చేసిన జాన్ హాంకాక్ ఉన్నాడు. కింద ఇంకో గమనిక కూడా వేశారు. అసలు పత్రం చూడాలనుకునేవాళ్లు ఆల్డ్‌గేట్ వీధిలో ఉన్న పుస్తకాల షాపుకు వచ్చి అడగొచ్చట! అంటే కొనేవాడు కవిత చదవడానికి ముందే, ఇది దొంగ సరుకు కాదని అతనికి హామీ ఇవ్వాల్సి వచ్చింది.

హామీ ఇచ్చినా కొందరు ఒప్పుకోలేదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ తన వర్జీనియా పుస్తకంలో మతం ఫిల్లిస్‌ను తయారుచేయగలిగింది గానీ కవిని తయారుచేయలేకపోయిందనీ, ఆమె పేరు మీద వచ్చిన రచనలు విమర్శకు కూడా తగనివనీ రాశాడు. ‘ఆమె పేరు మీద వచ్చిన’ అనడంలోనే అనుమానం దాగి ఉంది.

నా దృష్టిలో ఈ రంగం చరిత్రంతా ఆ ధ్రువీకరణ పత్రంలోనే మొదలవుతుంది. ‘నువ్వే రాశావా?’ అన్న ప్రశ్న 1772లో ఫిల్లిస్ విషయంలో లేచింది. తర్వాత రెండు శతాబ్దాల పాటు నల్లజాతి రచయితలందర్నీ అదే అడుగుతూ వచ్చారు. దానికి జవాబు వెతకడం ప్రొఫెసర్ల పనిలో సగం. ఆ ప్రశ్న అడిగిన తీరునే నిలదీయడం మిగతా సగం.

రచయిత ఎవరో తేల్చేది ఎలా?

దీనికి మంచి ఉదాహరణ హారియెట్ జేకబ్స్. నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో 1813లో బానిసగా పుట్టింది. యజమాని వేధింపులు భరించలేక పారిపోయి, అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కుంది. ఆ అటక తొమ్మిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. ఎత్తు మాత్రం, ఎక్కువ ఉన్న చోట కూడా మూడడుగులే. నిలబడటం కుదరదు. తర్వాత ఉత్తరాదికి చేరి, 1861లో ‘లిండా బ్రెంట్’ అన్న మారుపేరుతో తన కథ అచ్చు వేయించింది. ఎడిటర్‌గా లిడియా మరియా చైల్డ్ అనే తెల్లజాతి రచయిత్రి పేరు ఉంది.

మారుపేరు, తెల్ల ఎడిటర్, నవలలా సాగే కథనం. ఈ మూడూ కలిసేసరికి ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది దీన్ని చైల్డ్ రాసిన నవల అనుకున్నారు. బానిసల జీవితం మీద 1972లో ముఖ్యమైన పుస్తకం రాసిన జాన్ బ్లాసింగేమ్ అనే చరిత్రకారుడు కూడా ఈ ఆత్మకథ నమ్మదగినది కాదన్నాడు. ఆయన నల్లజాతి మనిషే. బానిసల మాటలకు చరిత్రలో చోటు ఇవ్వాలని పట్టుబట్టినవాడే. కాబట్టి ఇది జాతి ద్వేషంతో వచ్చిన అనుమానం కాదు, ఆధారం లేక వచ్చిన అనుమానం.

ఆ ఆధారాన్ని జీన్ ఫాగన్ యెల్లిన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ తెచ్చి చూపించింది. పొలం తగాదాలో నోటిమాటలన్నీ పక్కన పెట్టి దస్తావేజులు బయటికి తీసినట్టే చేసిందామె. రోచెస్టర్ యూనివర్సిటీలో ఏమీ పోస్ట్ అనే బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారిణి కాగితాలున్నాయి. వాటిలో జేకబ్స్ తన చేత్తో రాసిన ఉత్తరాలు దొరికాయి. పుస్తకం ఎలా రాస్తోందో, ఎవరు చూస్తారోనని ఎంత టెన్షన్ పడుతోందో, పగలంతా ఇంటి పని చేసి ఏ వేళల్లో రాసుకుంటోందో వాటిలో ఉంది. ఇక ఈడెంటన్ రికార్డులు చూస్తే పుస్తకంలో ‘డాక్టర్ ఫ్లింట్’ అని పిలిచిన మనిషి జేమ్స్ నార్కమ్ అనే అసలు డాక్టరని తేలింది. పారిపోయిన హారియెట్‌ను పట్టిస్తే వంద డాలర్లు ఇస్తానని 1835లో అతనిచ్చిన పత్రికా ప్రకటన కూడా ఉంది. ఆమె తడబడకుండా, ధారాళంగా మాట్లాడుతుందని ఆనవాలుగా రాయించాడు అందులో. ఆమె మాట నేర్పుకు ఆ రోజుల్లోనే వేటగాడు ఇచ్చిన సాక్ష్యం అది.

చైల్డ్ చేసిందేమిటో కూడా ఉత్తరాల్లోనే బయటపడింది. అధ్యాయాల వరస సర్దింది. బానిసత్వాన్ని ఎదిరించి ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ మీద ఉన్న చివరి అధ్యాయం తీసేయమంది. అంతకు మించి కథలో ఆమె చెయ్యి పెద్దగా లేదు. యెల్లిన్ 1981లో ఈ రుజువులతో వ్యాసం వేసింది, 1987లో పూర్తి నోట్సుతో పుస్తకాన్ని మళ్లీ తెచ్చింది. అప్పటి నుంచి ఆ అటక మీది ఏడేళ్లు చరిత్ర.

హారియెట్ విల్సన్ విషయంలో చిన్న కాగితం పెద్ద పని చేసింది. 1859లో బోస్టన్‌లో వచ్చిన ‘అవర్ నిగ్’ అనే నవల రాసింది తెల్లజాతి మనిషో నల్లజాతి మనిషో తెలియని స్థితి. ముందుమాటలో రచయిత్రి తన బిడ్డను పోషించుకోవడానికి ఈ పుస్తకం కొనమని వేడుకుంటుంది. హెన్రీ లూయిస్ గేట్స్ జూనియర్ అనే ప్రొఫెసర్ వెతికితే పుస్తకం వచ్చిన కొన్ని నెలలకే, 1860లో, ఆ పిల్లవాడు చనిపోయినట్టు మరణ ధ్రువపత్రం దొరికింది. జాతి అన్న గడిలో నల్లజాతి అని ఉంది. బిడ్డ కోసం రాసిన పుస్తకం బిడ్డను కాపాడలేకపోయింది. వందేళ్లు దాటాక తల్లి ఎవరో తెలియజెప్పింది ఆ బిడ్డ మరణ పత్రమే. 1983లో గేట్స్ ఆ నవలను మళ్లీ అచ్చు వేయించారు.

ఇదే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. 2001లో గేట్స్ ఒక వేలంపాటలో కొన్న చేతిరాత నవల మీద ‘హానా క్రాఫ్ట్స్’ అన్న పేరుంది. అది హానా బాండ్ అనే బానిస రాసిందని గ్రెగ్ హెసిమోవిచ్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ 2013లో ప్రకటించి, 2023లో ఆమె జీవిత చరిత్ర తెచ్చారు. ఇక హారియెట్ జేకబ్స్ తమ్ముడు జాన్ రాసిన ఆత్మకథ 1855లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ పత్రికలో వచ్చి మరుగున పడిపోయింది. దాన్ని జోనథన్ ష్రోడర్ అనే పరిశోధకుడు వెతికి పట్టి 2024లో పుస్తకంగా తెచ్చారు. ఎడిటర్ల కత్తెర పడని చోట ఒక మాజీ బానిస ఎంత సూటిగా మాట్లాడగలడో ఆ పుస్తకం చూపిస్తుంది.

రుజువు ఎదురు తిరిగితే?

ఇదంతా చదివితే కాగితం ఎప్పుడూ నల్లజాతి రచయితల పక్షమే నిలిచిందనిపిస్తుంది. అలా ఏమీ లేదు.

ఎమ్మా డన్‌హామ్ కెల్లీ హాకిన్స్ అనే రచయిత్రి 1890ల్లో రెండు నవలలు రాసింది. చాలా ఏళ్లు ఆమెను తొలి నల్లజాతి నవలాకారిణుల్లో ఒకరిగా లెక్కపెట్టారు, సంకలనాల్లో చేర్చారు, ఆమె మీద వ్యాసాలు రాశారు. నవలల్లో పాత్రలన్నీ తెల్లజాతి మనుషుల్లా ఎందుకున్నాయో వివరించడానికి సిద్ధాంతాలు కూడా పుట్టాయి. 2005లో హాలీ జాక్సన్ అనే పీహెచ్‌డీ విద్యార్థిని జనాభా లెక్కల రికార్డులు తిరగేసి ఆ కుటుంబం తెల్లజాతిదేనని చూపించింది. అంతే, ఆ సిద్ధాంతాలకు కాళ్లు లేకుండా పోయాయి. పుస్తకంలో ఒక్క అక్షరం మారకుండానే దాని మీద రాసినవన్నీ మారిపోయాయి.

ఒలాడా ఎక్వియానో విషయం ఇంకా చిక్కు. 1789లో లండన్‌లో వచ్చిన ఆయన ఆత్మకథ బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమానికి పెద్ద బలం. ఇప్పటి నైజీరియాలోని ఇగ్బో ప్రాంతంలో పుట్టాననీ, చిన్నప్పుడే ఎత్తుకుపోయారనీ, ఓడ అడుగున సముద్రం దాటాననీ రాశాడు. విన్సెంట్ కరెట్టా అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ రెండు రికార్డులు బయటపెట్టారు. 1759లో వెస్ట్‌మిన్‌స్టర్ చర్చిలో బాప్తిస్మం రిజిస్టర్‌లో ఆయన కరోలినాలో పుట్టినట్టు ఉంది. 1773లో ఉత్తర ధ్రువ యాత్రకు వెళ్లిన ఓడ సిబ్బంది జాబితాలోనూ పుట్టిన ఊరు సౌత్ కరోలినాయే.

అంటే ఆఫ్రికా అధ్యాయాలన్నీ విన్న మాటల మీద అల్లినవా? కరెట్టా వాదన మూర్ఖంగా ఏమీ లేదు. ఈ రికార్డులు తేల్చి చెప్పవు గానీ అనుమానించక తప్పని ఆధారమని ఆయన అంటారు. తన కథ తనే మలుచుకున్న రచయితగా ఎక్వియానో ఇంకా గొప్పవాడవుతాడన్నది ఆయన ఉద్దేశం. కెనడాలోని పాల్ లవ్‌జాయ్ అనే చరిత్రకారుడు దీనికి ఒప్పుకోలేదు. బాప్తిస్మం రోజున పన్నెండేళ్ల పిల్లవాడి పుట్టుక వివరాలు చెప్పింది ఎవరు? పిల్లవాడా, పక్కనున్న పెద్దలా? ఇగ్బో ఆచారాల గురించి, ముఖం మీద వేసే గాట్ల గురించి ఆయన రాసింది లోపలి మనిషికి తప్ప తెలియదు కదా? అన్నది లవ్‌జాయ్ వైపు వాదన. పాతికేళ్లు గడిచినా ఇది తేలలేదు. తేలని చోట తేలలేదనే చెప్పాలి. నేను ఈ వాదంలో ఎవరి పక్షమూ తీసుకోలేకపోతున్నాను. అయితే ఒక తేడా గమనించాలి. చర్చి రిజిస్టర్‌లో గుమాస్తా రాసిన ఒక్క లైనును రుజువు అంటున్నాం, బాధితుడు రాసిన పుస్తకాన్ని వాదన అంటున్నాం. ఆ లెక్క సరైనదేనా అని అడగడం కూడా పరిశోధనలో భాగమే.

అందరూ నమ్మిన ఒక సన్నివేశం

మళ్లీ ఫిల్లిస్ దగ్గరికి వద్దాం. 1772లో బోస్టన్‌లో ఒక గదిలో పద్దెనిమిది మంది పెద్దమనుషులు కూర్చుని, ఆ అమ్మాయిని పిలిపించి, లాటిన్, గ్రీకు పురాణాలు, బైబిల్ మీద ప్రశ్నలు వేశారనీ, ఆమె గెలిచి బయటికి వచ్చిందనీ చాలా చోట్ల చదువుతాం. గేట్స్ 2002లో ఇచ్చిన ప్రసంగం, దాని మీద వచ్చిన పుస్తకం ఈ సన్నివేశాన్ని లోకమంతా తిప్పాయి. వింటుంటే కళ్లకు కట్టినట్టుంటుంది.

కానీ ఆ విచారణ జరిగినట్టు ఏ రికార్డూ లేదు. 2010లో జోవానా బ్రూక్స్ అనే ప్రొఫెసర్ ఈ విషయం వివరంగా రాశారు. మన చేతిలో ఉన్నది సంతకాల పత్రం ఒక్కటే. సంతకం ఉందంటే అందరూ ఒక గదిలో కూర్చుని పరీక్ష పెట్టారని కాదు. బ్రూక్స్ ఇంకో మాట కూడా అన్నారు. ఫిల్లిస్ కవితలు ముందుగా తిరిగింది బోస్టన్ ఆడవాళ్ల మధ్య. భర్త పోయిన ఆవిడకు, బిడ్డ పోయిన ఆవిడకు ఆమె ఓదార్పు గీతాలు రాసిచ్చింది. వాళ్లే చేత్తో నకలు తీసుకుని పంచుకున్నారు. గదిలో మగ పెద్దల పరీక్ష అనే కథ ఆ ఆడవాళ్లందర్నీ చిత్రంలోంచి తీసేసింది.

ఒక పెద్ద పండితుడు మంచి ఉద్దేశంతో ఊహించిన దృశ్యం కూడా పదేపదే చెబితే చరిత్రగా స్థిరపడిపోతుందని ఇక్కడ అర్థమవుతుంది. ఊహను వాడేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ ఇది.

జాన్ పీటర్స్ గురించి ఎవరి మాట నమ్మాలి?

జెఫర్స్ పరిశోధనలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. పుస్తకం వచ్చాక ఫిల్లిస్‌కు స్వేచ్ఛ దొరికింది. 1778లో జాన్ పీటర్స్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి మనిషిని పెళ్లి చేసుకుంది. 1779లో రెండో పుస్తకానికి చందాలు అడుగుతూ ప్రకటన ఇచ్చింది, పుస్తకం రాలేదు, ఆ చేతిరాత ప్రతి దొరకలేదు. 1784 డిసెంబరు 5న చనిపోయింది. ముప్పై ఏళ్లు దాటి ఒకటి రెండేళ్లే ఉంటాయి.

చివరి ఏళ్ల గురించి నూట డెబ్బై ఏళ్లకు పైగా అందరూ చెప్పిన కథ ఒకటే: పీటర్స్ గర్విష్ఠి, సోమరి, భార్యను పేదరికంలోకి నెట్టి వదిలేశాడు. ఈ కథకు మూలం 1834లో మార్గరెట్టా మటిల్డా ఓడెల్ అనే తెల్లజాతి మహిళ రాసిన జీవిత చరిత్ర. ఫిల్లిస్ చనిపోయిన యాభై ఏళ్లకు రాసింది. రాసినావిడ తనను తాను వీట్లీ యజమానురాలి దూరపు బంధువుగా చెప్పుకుంది.

2009లో జెఫర్స్‌కు వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీలో ఫెలోషిప్ వచ్చింది. 1812లో పెట్టిన ఈ సంస్థలో పాత అమెరికన్ అచ్చు పుస్తకాలు, పత్రికలు అపారంగా ఉన్నాయి. పరిశోధకులతో పాటు కవులకూ కళాకారులకూ అక్కడ ఫెలోషిప్‌లు ఇస్తారు. ఆ కాగితాల మధ్య కూర్చున్నప్పుడు ఆమెకు పుట్టిన ప్రశ్న చాలా మామూలుది: ఓడెల్‌ను ఎందుకు నమ్మాం? ఆమె చెప్పుకున్న బంధుత్వానికి రుజువేది? యజమానుల వైపు మనిషి, ఒకప్పటి బానిసను పెళ్లాడిన నల్లజాతి మగవాణ్ణి దుర్మార్గుడంటే, ఇంకెక్కడా సరిచూడకుండా తరాల పాటు ఎందుకు నకలు చేశాం?

2021లో కార్నీలియా డేటన్ అనే చరిత్రకారిణి కోర్టు రికార్డుల్లోంచి కొత్త సంగతులు తెచ్చారు. 1780ల మొదట్లో ఆ దంపతులు బోస్టన్‌కు ఉత్తరాన మిడిల్టన్ అనే ఊళ్లో ఉన్నారు. పీటర్స్ ఒకప్పుడు బానిసగా బతికిన ఊరు అది. అక్కడ భూమి కోసం అతను కోర్టుల్లో గట్టిగా పోరాడి ఓడిపోయాడు. అతను దేవుడని డేటన్ అనలేదు. అప్పులున్నాయి, గొడవలున్నాయి. కానీ సోమరి మాత్రం కాదని కాగితాలు చెబుతున్నాయి. ఊరి పేరు దగ్గరే ఓడెల్ కథ తప్పింది, ఆమె వేరే ఊరు చెప్పింది. ఒక కవి లేవనెత్తిన అనుమానానికి చరిత్రకారిణి కోర్టు కాగితాలు బలమిచ్చాయి.

కాగితం లేని చోట కవి ఏం చేయొచ్చు?

ఫిల్లిస్‌కు ఓబర్ టానర్ అనే స్నేహితురాలు ఉండేది. న్యూపోర్ట్‌లో ఉండే ఆవిడా బానిసే. ఫిల్లిస్ రాసిన ఉత్తరాలను ఓబర్ ముసలితనం దాకా దాచుకుంది. వాటిలో కొన్ని ఇప్పుడు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. ఓబర్ తిరిగి రాసిన ఉత్తరాలు ఒక్కటీ మిగల్లేదు. జెఫర్స్ పుస్తకంలో అలా పోయిన ఉత్తరాలు కవితల రూపంలో ఉన్నాయి. ఆఫ్రికాలో ఉండిపోయిన తల్లి, ఓడ ప్రయాణం, పీటర్స్ ప్రేమ కూడా ఉన్నాయి. పుస్తకం చివర తను దాదాపు పదిహేనేళ్లు ఏం వెతికిందో, ఏం దొరికిందో, ఏది ఊహో చెప్పే వ్యాసం ఒకటి పెట్టారు.

ఈ పనికి అండగా నిలిచే ఆలోచన సైదియా హార్ట్‌మన్ అనే పండితురాలు 2008లో రాసిన వ్యాసంలో ఉంది. ‘క్రిటికల్ ఫ్యాబ్యులేషన్’ అని ఆమె దానికి పేరు పెట్టారు. దొరికిన ఆధారాలకు కట్టుబడుతూనే, ఇలా జరిగి ఉండొచ్చు అన్న ఊహతో ఖాళీని చూపించడం అని తెలుగులో చెప్పుకోవచ్చు. ‘రికవరీ’ అనే బానిసల ఓడలో చనిపోయిన ఇద్దరు అమ్మాయిల గురించి ఆ వ్యాసం. కెప్టెన్ జాన్ కింబర్ మీద 1792లో విచారణ జరిగింది, నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడుగా ఉన్నారని రాయాలనుందని హార్ట్‌మన్ అంటారు. అన్నాక, అలా రాస్తే అది వాళ్లకోసం కాదు, మన ఓదార్పు కోసమే అవుతుందని వెనక్కి తగ్గుతారు. ఊహకు పేరు పెట్టిన మనిషే దాని హద్దు కూడా గీశారు.

దీన్ని వ్యతిరేకించేవాళ్ల భయం అర్థం లేనిది కాదు. బానిసల ఆత్మకథలు కట్టుకథలన్న నిందను తుడవడానికి యెల్లిన్ లాంటివాళ్లు ఏళ్లు ఖర్చుపెట్టారు. ఇప్పుడు పండితులే కల్పన కలిపితే ఆ నిందకు మళ్లీ ప్రాణం పోసినట్టవదా? ఫుట్‌నోట్ చదవని పాఠకుడు పోయిన ఉత్తరాన్ని అసలు ఉత్తరం అనుకోడా? పద్దెనిమిది మంది విచారణ కథకు పట్టిన గతి చూశాక ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ఇంకోవైపు వాళ్లూ గట్టిగానే మాట్లాడతారు. ఖాళీని ఖాళీగా వదిలేస్తే అక్కడ మిగిలేది యజమాని మాటే. ఓడెల్ కథ నిలిచింది కూడా ఆ ఖాళీలోనే.

నాకు జెఫర్స్ పద్ధతి సరైనదనిపిస్తుంది, దానికి కారణం ఆమె కవిత్వం బాగుండటం ఒక్కటే కాదు. కవిత అని చెప్పి కవిత రాశారు, వ్యాసం అని చెప్పి వ్యాసం రాశారు. వ్యాసంలో అడిగిన ప్రశ్నను ఇంకొకరు కోర్టు కాగితాలతో సరిచూడగలిగారు. మోసం జరిగేది సరిహద్దు కనపడనప్పుడే.

ఇది కొత్త దారి కూడా కాదు. మార్గరెట్ వాకర్ అనే నల్లజాతి కవయిత్రి 1949 నుంచి మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. బానిసగా పుట్టిన తన ముత్తవ్వ గురించి అమ్మమ్మ చెప్పిన కథల్ని, ఏళ్ల తరబడి రికార్డులతో సరిచూసుకుంటూ ‘జూబిలీ’ అనే నవల రాసింది. అయోవా యూనివర్సిటీలో ఆ నవలే ఆమె పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. 1966లో అచ్చయింది. ఫిల్లిస్ పుస్తకానికి రెండు వందల ఏళ్లు నిండిన 1973లో అదే కాలేజీలో నల్లజాతి కవయిత్రుల్ని పిలిచి ఆమె ఉత్సవం జరిపించింది. అంతకు ముందు ఫిల్లిస్‌ను యజమానుల భాషలో రాసిన మనిషిగా తీసిపారేసిన తరానికి ఆమెను మళ్లీ చదవాలనిపించింది ఆ రోజుల్లోనే.

ఉద్యోగంగా చూస్తే

అమెరికా ఇంగ్లీషు శాఖల్లో రెండు దారులున్నాయి. సాహిత్య పరిశోధనకు పీహెచ్‌డీ, క్రియేటివ్ రైటింగ్‌కు ఎం.ఎఫ్.ఏ. రెండో దారిలో కవితా సంపుటాలు, నవలలనే పరిశోధన కింద లెక్కేసి పర్మనెంట్ ఉద్యోగం, అంటే టెన్యూర్ ఇస్తారు. జెఫర్స్ ఎం.ఎఫ్.ఏ. దారిలో వచ్చి పరిశోధకుల గదిలోకి అడుగుపెట్టారు. అటు నుంచి ఇటు రావడం తేలిక కాదు. ఏళ్ల పాటు ఆర్కైవ్‌లో కూర్చోవడానికి ఫెలోషిప్ డబ్బు కావాలి. గ్రాంట్లు రద్దయినప్పుడు ముందుగా దెబ్బ తినేది ఇలాంటి పనే.

వెతికితే కొత్తవి దొరికే చోట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. జూపిటర్ హామన్ రాసిన, అప్పటిదాకా ఎవరికీ తెలియని కవితను యేల్ యూనివర్సిటీ కాగితాల్లో టెక్సస్ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని వెలికితీసింది. పందొమ్మిదో శతాబ్దపు నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సిస్ హార్పర్ తొలి పుస్తకం ‘ఫారెస్ట్ లీవ్స్’ పోయిందనే అందరూ రాస్తూ వచ్చారు. జొహానా ఓర్ట్‌నర్ అనే పరిశోధక విద్యార్థిని బాల్టిమోర్‌లోని హిస్టారికల్ సొసైటీలో అడిగితే అది అక్కడే ఉంది. 2015లో లోకానికి తెలిసింది.

మన దగ్గర కూడా ఈ సాహిత్యానికి ఒకప్పుడు మంచి చోటు ఉండేది. 1964లో ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీ కోసం దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు పరిశోధక విద్యార్థులు హైదరాబాద్ వచ్చేవాళ్లు. ఇప్పుడు చాలా పాత పత్రాలు స్కాన్ అయి తెర మీదే దొరుకుతున్నాయి.

ఏ పేరుతో పిలవాలి?

ఇప్పుడు నడుస్తున్న చర్చ ఇది. వీట్లీ అన్నది యజమాని ఇంటిపేరు. పెళ్లయ్యాక ఆమె తన ప్రకటనల్లో, 1784లో వేసిన కవితల్లో ఫిల్లిస్ పీటర్స్ అనే పేరే పెట్టుకుంది. కాబట్టి ఫిల్లిస్ వీట్లీ పీటర్స్ అని రాయాలని జెఫర్స్ వాదించారు. ఇప్పుడు చాలామంది పరిశోధకులు అలాగే రాస్తున్నారు. 1773 నాటి పుస్తకం మీద ఉన్న పేరు వీట్లీ, ఆ పేరుతోనే పాఠకులు వెతుకుతారు, మారిస్తే దొరకదు అనేవాళ్లూ ఉన్నారు. పెళ్లికి ముందు రాసిన వాటికి ఒక పేరు, తర్వాతి వాటికి ఇంకో పేరు వాడేవాళ్లు కొందరు. ఈ వ్యాసంలో నేను ఎక్కువ చోట్ల ఫిల్లిస్ అనే రాశాను. నిజానికి అదీ ఓడ పేరే.